నిద్రపోతున్నవాడి ఇల్లు

మళ్ళీ చచ్చింది. ఈసారి తోడేలు. ఇందాక ఆకలి, దానికి ముందు చలి, మొట్టమొదటైతే ఎవరి ప్రమేయమూ లేకుండా తనంతట తానే కొండ అంచు మీంచి జారిపడి చచ్చింది, ఎన్నిసార్లు చచ్చినా తేలేది ఆ సముద్రపు ఒడ్డునే, ఒంటిమీద ఒక గుడ్డపీలిక, చేతిలో ఒక బండరాయి, ఇక నీ బతుకు నువ్వు చూసుకో తల్లీ అన్నట్టు. ఒళ్ళో లాప్‌టాప్ కాగి తొడలు చుర్రుమంటున్నాయి. చార్జరు తీగ పొట్టిది, అందుకని ఇంత హాల్లో అన్ని మెత్తటి కుర్చీలు ఖాళీగా ఉండగా మంచినీళ్ళ మిషను పక్కన ఇనప కుర్చీలో ఇరుక్కుని కూర్చోవలసి వచ్చింది, నీళ్ళకి వచ్చినవాళ్ళల్లా గ్లాసు పట్టుకుని ఆమె భుజం మీదుగా తెరలోకి తొంగిచూస్తున్నారు, చూడండి నాయనా చూడండి, తమ్ముణ్ణి ఆపరేషనుకి లోపలికి పంపి అక్క ఇక్కడ వీడియో గేమ్ ఆడుకుంటోంది, ఇంటికెళ్ళి కథలు కథలుగా చెప్పుకోండి. కుడిచెవిలో ఇయర్‌ఫోను, ఎడమచెవి ఖాళీ. ఆ ఖాళీ చెవి నర్సు కోసం. ఆ జంట తలుపులు తెరుచుకుని పేషెంటు తాలూకు ఎవరండీ అని పిలిచినప్పుడు వినపడకపోతే ఎలా, ఎవరూ పలకలేదని వాళ్ళు లోపల ఏదో ఒకటి వాళ్ళంతట వాళ్ళే తేల్చేసుకుంటే ఎలా. గోడమీది తెరలో తమ్ముడి పేరు పక్కన 'జరుగుతోంది' అని ఆకుపచ్చ అక్షరాలు. పొద్దున్నుంచీ జరుగుతూనే ఉంది.

"అక్కగారూ, పరిగెత్తకండి," అంటోంది కుడిచెవిలో గొంతు. "పరిగెడితే తొందరగా ఆకలేస్తుంది. మెల్లిగా నడవండి. తోడేలు కనపడితే ఏదైనా రాయెక్కి నిలబడండి, అంతేగానీ దాని ఎదురుగా వెళ్ళి పలకరించకండి."

ఈ గొంతు పేరు తుప్పు. ఆటలో ఆయన పెట్టుకున్న పేరది, అసలు పేరు తమ్ముడికీ తెలియదట, ఇన్నేళ్ళ స్నేహం, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, అక్క వస్తుంది, కాస్త దారి చూపించమని తమ్ముడే ఆయనకి కబురు పెట్టాడు. ఏదో బేకరీలో పని, తెల్లవారేసరికి సగం పని ముగించి ఆ పొయ్యి పక్కనే కూర్చుని ఆడతాడు, మాట మధ్యలో రేకు పళ్ళేల చప్పుడు వినపడుతుంది. నడవండి అనడం తేలికే. కారు నేర్పే ఆవిడ అంటే ఊళ్ళో సగంమంది ఆమె పేరు కూడా అడగరు, స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కిన పెద్దపెద్ద ఆఫీసర్లు ఆమె చేతికింద నేర్చుకున్నవాళ్ళే. కొత్తవాళ్ళ మీద జాలనేది ఎప్పుడైనా పడిందా తను? క్లచ్చి వదలకండి అంటే వదిలేస్తారు, అద్దం చూడండి అంటే అద్దంలో జుట్టు సవరించుకుంటారు, ఎడమ అంటే కుడి, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు అని విసుక్కునేది, ఇంటికొచ్చి తమ్ముడికి వాళ్ళని అనుకరించి చూపిస్తే వాడు పడీపడీ నవ్వేవాడు. అయితే అప్పుడు ఆమె కాలి దగ్గర ఇంకో బ్రేకు ఉండేది. పక్క సీటువాడు ఎంత తెలివితక్కువ పనిచేసినా ఒక్కసారి కాలు నొక్కితే బండి ఆగిపోయేది. ఇక్కడ అలాంటి ఏర్పాటేమీ లేదు. ఎడమచేతి వేళ్ళు కీబోర్డులో నాలుగు కీల మీద ఉండాలి, ముందుకి, వెనక్కి, ఆ పక్కకి, ఈ పక్కకి, అవే కాళ్ళు. కుడిచేతిలో మౌసు, కళ్ళూ గురీ అంతా అదే. చేతులతో నడవడమేమిటో, ఎడమచెయ్యి ఒకటి చేస్తుంటే కుడిచెయ్యి దాన్ని మరిచిపోతుంది, గేరు మార్చమంటే స్టీరింగు వదిలేసే వెర్రిమాలోకాల్లాగా. పాపం వాళ్ళు. ఎంతెంత మాటలన్నానో వాళ్ళని.

నిన్న వార్డులో పాఠం చెప్పాడు వాడు. నున్నగా గీసేసిన గుండు, దానిమీద పెన్నుతో డాక్టరు గీసిన గీత, ఆ గీత కనపడకుండా ఉండాలని ఆమె మంచానికి అవతలి పక్క కూర్చుంటే, ఇటు రా అక్కా, తెర అక్కడికి కనపడదు అని లాగి ఇటు కూర్చోబెట్టాడు. "ఆట మూసేస్తే మనం మాయమైపోం, తెలుసా. ఎక్కడ ఆపితే అక్కడే పడి నిద్రపోతుంటాం. ఎవడైనా వచ్చి పొడిచినా లేవలేం." అదేం ఆటరా దిక్కుమాలిన ఆట అంటే, "అందుకేగా ఇల్లు కట్టుకునేది" అన్నాడు. ఇంట్లో ఒక పెట్టె, దాన్నిండా కట్టెలు వెయ్యాలి, ఇల్లు ఆ కట్టెల్ని తింటూ నిలబడుతుంది, పెట్టె ఖాళీ అయిందా గోడలు వాటంతటవే పొడిపొడిగా రాలిపోతాయి. తను ఆస్పత్రిలో చేరాక ఎవరూ కట్టెలు వెయ్యలేదు, రేపటితో ఆఖరు. తలుపు తెరిచే అంకెలు తుప్పుకి కూడా చెప్పలేదు, నీకొక్కదానికే చెబుతున్నాను, రేపు నేను లోపల ఉన్నప్పుడు ఒక్కసారి వెళ్ళి వేసి రా. నాకు రాదురా అంటే, వస్తుందిలే, మోటు మనిషివి. అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు చెట్టుని రాయితో కొడుతూ ఉంటే తడుతోంది, ఇల్లేమిటి వాడి మొహం, ఊరికే కూర్చుంటే అక్క తనని తానే పీక్కుతింటుందని తెలుసు వెధవకి, అందుకే చేతికి ఒక పని అప్పజెప్పి మరీ వెళ్ళాడు. స్ట్రెచరు మీద వెళుతూ కూడా, కట్టెలు కట్టెలు అని నోరు కదిపాడు. పక్కనున్న నర్సు ఏమనుకుందో.

ఠక్, ఠక్, ఠక్. చెట్టు పడటం లేదు. ఈ శబ్దం ఎక్కడో విన్నది, చిన్నప్పటి ఇంటి రేకు తలుపు మీద వాన పడితే ఇలాగే, కాదు, వాన కాదు, బాబాయి తలుపు కొడుతున్నాడు. అమ్మకి బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. పోతూ పోతూ ఒకటే మాట, ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దు, దేవుడొచ్చినా సరే. తమ్ముడు కళ్ళు అరమూత వేసి నిద్రపోయేవాడు, బతికున్నాడో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది తను. ఆ రోజు హోరున వాన, బయట నిజంగా బాబాయే, గొంతు గుర్తుపట్టింది కూడా, నేనేనే తల్లీ, తడిసి ముద్దయిపోయాను, తియ్యవే అని బతిమాలుతున్నాడు, తియ్యలేదు. తీస్తే అమ్మ ఒప్పుకోదు బాబాయ్ అని లోపలినుంచి మర్యాదగా చెప్పింది. పాపం పొద్దున అమ్మ వచ్చేదాకా అరుగు మీద వణుకుతూ కూర్చున్నాడు. చుట్టాలందరూ ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వారు, దీన్ని కాపలా పెడితే చాలు, తాళం కూడా అక్కర్లేదని. నవ్వుకోనీ. ఆమెకి మాత్రం గర్వంగానే ఉండేది. వాడు తన కాపలాలో నిద్రపోయాడు, పొద్దున్నే లేచాడు, అంతకంటే ఏం కావాలి.

పర్సులో ఫోను వణుకుతోంది. అమ్మే. తియ్యదు. అమ్మకి సగమే చెప్పారు, చిన్న గడ్డ, చిన్న కోత, సాయంత్రానికి లేచి కూర్చుంటాడని. మిగతా సగం ఆమె గొంతులో అడ్డంగా ఉంది, ఫోను తీస్తే అది బయటికి వచ్చేస్తుంది. ఆ మిగతా సగం ఇదీ. గడ్డ కుడివైపు, ఎడమచేతిని ఆడించే చోటుని ఆనుకుని ఉంది. మందులు వాడుతూ కొన్నాళ్ళు ఆగి చూడొచ్చు, పెరగకుండా ఉండిపోవచ్చు కూడా, కానీ పెరిగిందంటే అప్పుడు కోయడం చాలా కష్టం. ఇప్పుడే తీస్తే చెయ్యి పోవచ్చు, మాట పోవచ్చు, మనుషుల్ని మరిచిపోవచ్చు, ఒక్కోసారి లేవకనే పోవచ్చు. ఆలోచించుకుని చెప్పండి, మీ ఇష్టం, అన్నాడు డాక్టరు, చీర రంగు ఎంచుకోమన్నంత తేలిగ్గా. వాడు బట్టల కంపెనీలో కటింగ్ మాస్టరు, ఎడమచెయ్యి గుడ్డని అదిమి పట్టకపోతే కుడిచేతిలో కత్తెర ఉండి ఏం లాభం. వాడు ఆమె వైపు తిరిగి, "నువ్వే చెప్పక్కా, చిన్నప్పట్నుంచీ నువ్వేగా చెప్పేది," అన్నాడు. ఆమె చెప్పేసింది. ఒక్క రాత్రయినా ఆగిందా? లేదు. తీయించేద్దాం అంది, అక్కడికక్కడే, కుడికి తిప్పండి అన్నట్టు. ఎందుకన్నావు? ఎవరు చెప్పారు నీకు? కారు నేర్పుకునేదానివి, బుర్రలో గడ్డల సంగతి నీకేం తెలుసు? ఆగి చూద్దాం అంటే ఏం పోయేది, వాడు ఈపాటికి ఇంట్లో కాళ్ళు చాపుకుని ఇదే ఆట ఆడుకుంటూ ఉండేవాడు. సంతకం చేసేటప్పుడు చెయ్యి వణకలేదు కూడా. అదీ తన బాధ, వణకాల్సింది.

చెట్టు పడింది. కట్టెలు వీపున వేసుకుని, తోడేళ్ళు లేని దారి తుప్పు చెబుతుంటే వింటూ, వాగు దాటి, గుట్ట చుట్టి, వచ్చేసింది ఇల్లు, చెక్క గోడలు, అప్పటికే ఒక మూల బీటలు వారి ఉంది. అంకెలు కొట్టింది. తలుపు తెరుచుకుంది. లోపల నేలమీద వాడు. అంటే వాడు కాదు, వాడి బొమ్మ, వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పక్కలకి పెట్టుకుని నిద్రపోతోంది, తెలిసి తెలిసి కూడా ఆమె వేలు తెరమీదికి వెళ్ళింది, ముక్కు దగ్గరికి. సిగ్గేసి వెనక్కి తీసుకుంది. లోపల గదిలో కూడా వాడు ఇప్పుడు ఇలాగే. గబగబా పెట్టె తెరిచి కట్టెలన్నీ అందులో వేసింది, ఇక ఇల్లు కూలదు అని ఒక గీత పచ్చగా వెలిగింది. అప్పుడే, పిలవకుండానే, మనసులోకి ఆ పందెం వచ్చి కూర్చుంది. ఇల్లు నిలబడితే వాడు లేస్తాడు. ఛీ, ఏమిటీ పిచ్చి, లైసెన్సు పరీక్ష రోజున ఎర్రచొక్కా వేసుకొస్తే పాసవుతామనే వాళ్ళని చూసి నవ్వినదానివి నువ్వేనా. నేనే. ఇల్లు నిలబడితే వాడు లేస్తాడు. అంతే, ఇంకేం అడగొద్దు.

"మావాడి ఒళ్ళు అక్కడే ఉందాండీ?" అన్నాడు తుప్పు. "రాక చాలా రోజులైంది. మిగతా వాళ్ళు గోలపెడుతున్నారు. ఈసారి రాకపోతే జట్టులోంచి తీసేద్దామంటున్నారు. ఊరెళతానన్నాడు, ఏ ఊరండీ అది, నెట్టు కూడా లేని ఊరు?"

చెప్పొద్దని మాట తీసుకున్నాడు తమ్ముడు, జాలిపడేవాళ్ళతో ఆడలేను అన్నాడు. ఆమె నోరు తెరిచేసరికి గొంతులో అడ్డంగా ఉన్నదంతా వచ్చేసింది. "ఊరు కాదండీ. వాడి తలలో గడ్డ. ఇప్పుడు తీస్తున్నారు. నేను బయట కూర్చున్నాను. లేస్తాడో లేదో తెలీదు. తీయించమంది నేనే." కన్నతల్లికి చెప్పని మాట, మొహమెరగని బేకరీ ఆయనకి చెప్పింది. నీళ్ళ మిషను దగ్గర గ్లాసు పట్టుకున్నాయన చప్పుడు చెయ్యకుండా అక్కణ్ణించి తప్పుకున్నాడు. ఇయర్‌ఫోనులో పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. 

"నేను బయల్దేరుతున్నానండీ," అన్నాడు. "ఆటలో ఆ చివర్నుంచి రావాలి, కాస్త టైము పడుతుంది. పొయ్యిలో ఒక వాయి ఉంది, అది తీసేసి పరిగెత్తుకుంటూ వచ్చేస్తాను, వాకిట్లో నేను నిలబడతాను. అక్కగారూ, ఒక్కటే మాట. ఎవరు పిలిచినా తలుపు తియ్యకండి."

తియ్యనండీ, ఆ విషయంలో నాకు పెద్ద పేరే ఉంది అందామనుకుంది, అప్పటికే ఆయన లేడు. ఆటలో చీకటి పడుతోంది, ఇక్కడ కిటికీ అద్దంలోంచి ఎండ కళ్ళలో కొడుతోంది, తెర కనపడక లాప్‌టాప్‌ని కాస్త వంచింది. అదుగో, జంట తలుపులు తెరుచుకున్నాయి. తనకి కాదు, ఎవరో ముసలాయన తాలూకు వాళ్ళు లేచి వెళ్ళారు, వాళ్ళ మొహాలు చూడదలచుకోలేదు. మళ్ళీ తెరలోకి వచ్చి చూస్తే బయట అడుగుల చప్పుడు. తుప్పు అప్పుడే వచ్చాడా? కాదు. మెత్తటి గొంతు, జలుబు చేసినట్టు. "లోపల ఎవరైనా ఉన్నారాండీ? కొత్తవాణ్ణి. ఇవాళే మొదలుపెట్టాను. చలికి చచ్చిపోతున్నాను. ఒక్క నిమిషం మంట దగ్గర నిలబడి వెళ్ళిపోతాను."

 తలుపు సందులోంచి చూస్తే గుడ్డపీలిక, బండరాయి, అచ్చం తనలాగే. "తోడేలు తరుముతోందండీ," అన్నాడు. తోడేలు. ఆ ఒడ్డు నుంచి ఎంత దూరం నడిచి వచ్చి ఉంటాడు, ఎన్నిసార్లు చచ్చి ఉంటాడు, దారి చెప్పే తుప్పు కూడా లేకుండా. ఒకసారి కసిరింది ఎవరో ఒకామెని, ఏడ్చేసింది ఆమె స్టీరింగు మీద తల పెట్టి. నేర్చుకునేదాన్నే కదండీ అంటూ ఏడ్చింది. ఇప్పుడు ఇక్కడ ఒక ప్రాణిని కాపాడితే అక్కడ ఒక ప్రాణి. అలా ఆలోచించిందా? ఆలోచించిందేమో. కాదు, ఏమీ ఆలోచించలేదు, చలికి చచ్చిపోతున్నాను అన్నాడు, అంతే, చెయ్యి దానంతటదే అంకెలు కొట్టేసింది. బాబాయికి తియ్యని తలుపు.

వాడు లోపలికి వచ్చాడు. వాడి వెనకాల ఇంకొకడు, గోడవారగా నక్కి ఉన్నవాడు, నిండా కవచం, చేతిలో తుపాకి. "థాంక్సండీ," అంది మెత్తటి గొంతు, నవ్వుతూ. తుపాకి పేలింది, ఆమె పడిపోయింది. వెంటనే చావలేదు, ఈ ఆటలో కాసేపు నేలమీద పడి చూస్తూ ఉండనిస్తారు, కీలు నొక్కినా కాళ్ళు రావు, మౌసు ఒక్కటి తిరుగుతుంది. తుపాకీవాడు తమ్ముడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తొందరేమీ లేదు వాడికి. "లేవరా," అంది ఆమె. హాల్లో, పైకే, గట్టిగా. "ఒరేయ్, లేవరా!" మెత్తటి కుర్చీల్లో వాళ్ళందరూ ఇటు తిరిగారు. వాడు లేవలేదు. ఒక్కటే దెబ్బ. పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు, ఏమీ మారలేదు, తెర అడుగున ఒక చిన్న వాక్యం మాత్రం వచ్చింది, ఫలానావాడు చనిపోయాడు అని.

ఒడ్డు. ఇసుక. బండరాయి. వెళ్ళాలి, పరిగెత్తాలి, ఎక్కడికి. ఆలస్యమైపోయిందా అక్కగారూ అని తుప్పు రొప్పుతున్నాడు, అయ్యో, అయ్యో అంటున్నాడు, ఆమెకి మాటలు తెలియడం లేదు. తీశావు. తియ్యొద్దన్నా తీశావు. నీకు ఏ తలుపు తియ్యాలో, ఏది మూసి ఉంచాలో ఎప్పుడు తెలిసింది గనక, వాడి తల కూడా అలాగే తెరిపించావు, ఆగమన్నవాడు లేక. ఇల్లు పోయింది, పందెం పోయింది. పందెం నువ్వే కట్టావు, నీ నోటితో నువ్వే కట్టావు. తప్పు తప్పు, అది వేరు ఇది వేరు, బొమ్మ అది. బొమ్మే. కళ్ళు ఆగడం లేదు. ఖాళీగా ఉంచిన ఎడమచెవిలో అప్పుడు వినపడింది, ఇందాకటినుంచీ పిలుస్తున్నట్టుంది, విసుగ్గా ఉంది గొంతు, పేషెంటు తాలూకు ఎవరండీ.

 ఒళ్ళోది కుర్చీలో పెట్టి, తీగ తట్టుకుని, తమాయించుకుని, నర్సు మొహంలోకి చూడకుండా ఆమె చెప్పుల వెనకే నడిచింది. ఏం చెబుతారో అడగలేదు. అడిగితే చెప్పేస్తారు. ఈ వరండా ఇంకాస్త పొడుగుంటే బాగుండును, ఇది నడుస్తున్నంతసేపూ వాడు లేచాడో లేదో తెలీదు, తెలియనంతసేపూ లేచినట్టే. మందు వాసన. తెర. గుడ్డ తెర అవతల డాక్టరు, మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది, మంచం మీద తెల్లటి కట్టులో ఒక చిన్న మొహం, ఇంత చిన్నదా వాడి మొహం, కళ్ళు అరమూతలు.

"ఇటు చూడండి," అంటున్నాడు డాక్టరు, వాడి భుజం తడుతూ. "ఈవిడెవరో చెప్పండి చూద్దాం."

వాడు చూశాడు. చాలాసేపు చూశాడు, ఎక్కడో దూరంనుంచి నడిచి వస్తున్నవాడిలా. ఆమె ఉబ్బిన కళ్ళు, ముక్కు, నలిగిన చీర కొంగు అన్నీ చూశాడు. పెదాలు ఎండిపోయి అతుక్కుని ఉన్నాయి, విడదీసుకున్నాడు.

"ఎవరు చంపారక్కా నన్ను?"

డాక్టరు ఉలిక్కిపడి నర్సు వైపు చూశాడు. ఆమెకి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో, మంచం కమ్మీ పట్టుకుని ఊగిపోయింది, ఏడ్చిన మొహం చూసే పట్టేశాడు వెధవ, మాట, జ్ఞాపకం, వెటకారం, అన్నీ ఉన్నాయి, చెక్కుచెదరకుండా ఉన్నాయి. "నేనేరా," అంది. "నేనే తలుపు తీశాను. చలికి చచ్చిపోతున్నానన్నాడురా. తీసేశాను."

వాడు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ నిద్రలోకి వెళ్ళిపోయాడనుకుంది. "కొత్తవాళ్ళందరూ తీస్తారు," అన్నాడు నెమ్మదిగా. "నేనూ తీశాను."

డాక్టరు అది తనకి సంబంధించిన సంభాషణ కాదనుకుని తన పని తాను చూసుకున్నాడు. కుడిచెయ్యి నొక్కండి అంటే వాడు గట్టిగా నొక్కాడు. ఎడమచెయ్యి అన్నాడు. ఎడమచెయ్యి దుప్పటి మీద అలాగే ఉంది. ఇంకోసారి అన్నాడు. వాడి నుదురు ముడతలు పడింది, మెడ నరం పొంగింది, చెయ్యి మాత్రం ఎవరిదో అన్నట్టు ఊరుకుంది. వాపు తగ్గాలి, కొన్నాళ్ళు కసరత్తు చేయించాలి, రావచ్చు, అన్నాడు డాక్టరు. వస్తుంది అనలేదు. ఆమె ఆ తేడా విన్నది. వాడూ విన్నాడని వాడి మొహమే చెబుతోంది. డాక్టరు వెళ్ళిపోయాక ఇద్దరూ ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. క్షమించరా అనాలి, అంటే వాడు ఏమంటాడో వినే ధైర్యం లేదు. చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది, వెచ్చగా ఉంది, బరువుగా ఉంది, వేళ్ళని ఒక్కొక్కటీ చాపి చూసింది, వదలగానే ముడుచుకుపోయాయి.

"అక్కా."

"ఊఁ."

"ఇకనుంచీ నడక నీది. గురి నేను చూసుకుంటా."

ఒక లాప్‌టాప్ ముందు ఇద్దరు, ఆమె ఎడమచెయ్యి, వాడి కుడిచెయ్యి. కళ్ళముందు కనపడింది. "నాకు నడక రావట్లేదురా," అంది. "అన్నీ తోడేళ్ళే."

"నేర్పుతాలే," అన్నాడు వాడు.